కొత్త పాటల రచయితకు పక్కన చోటూ ఇవ్వాలి, పాట కింద పేరూ ఇవ్వాలి

సంపాదకులకు నమస్కారం.

కొత్తగా పాటలు రాస్తున్నవారికి తెలుగు రాదని, ప్రబంధాలు చదవనివారు పల్లవి ఎలా కట్టగలరని మీ సాహిత్య పుటలో కొన్ని వారాలుగా సాగుతున్న చర్చను శ్రద్ధగా చదువుతున్నాను. అందులో పాల్గొన్న పెద్దల మీద గౌరవం ఉంచుకొనే నా అభిప్రాయం చెప్పదలిచాను. లలిత గీతాలు, నాటకాలకు పాటలు, అప్పుడప్పుడు సినిమా పాటలు రాస్తూ చాలాకాలంగా ఈ పనిలో ఉన్నవాడిగా, కొత్తవారిలో నాకు కనిపిస్తున్న లోటు భాషది మాత్రం కాదు. బాణీ పక్కన కూర్చొని రాసే అవకాశమూ, రాసినదాన్ని అక్కడికక్కడే పాడి చూపించి ఎక్కడ కుంటుతున్నదో చెప్పే తోడూ వారికి దొరకడం లేదు. ఎక్కడో ఒకచోట దొరికినా, తీరా పాట బయటికి వచ్చేసరికి వారు రాసిన పంక్తుల కింద వారి పేరు ఉండడం లేదు. ఈ రెండూ ఒకే సమస్యకు రెండు కొసలని నా నమ్మకం.

ఈ మాట గాలిలోంచి తీసి చెబుతున్నది కాదు. గత శీతాకాలంలో మేము కొందరు మిత్రులం పాటలు కట్టుకోవడానికని అరకులోయకు వెళ్ళాము. ఒకరు స్వరకర్త, ఒకరు గాయని, ఒకరు తబలా వాయిస్తారు, నేను రాస్తాను. అవకాశం దొరికినప్పుడల్లా ఇలా ఎక్కడికో ఒకచోటికి పోయి, ఎవరూ అడగని పాటలను మా సంతోషానికి మేము కట్టుకొని రావడం మాకు అలవాటు. ఈసారి మా గాయని తనకు తెలిసిన ఒక అమ్మాయిని వెంటబెట్టుకొని వచ్చారు. విజయనగరం జిల్లాలో పుట్టి, డిగ్రీ ముగించి, విశాఖలో చిన్న ఉద్యోగం చేసుకుంటూ తీరిక వేళల్లో పాటలు రాసుకుంటున్న పిల్ల. నోటు పుస్తకం నిండా పాటలున్నాయి గాని, వాటిలో ఒక్కటి కూడా బాణీకి రాసినది లేదు. అరకు మీదుగా పోయే కిరండూల్ పాసింజరు రైలు కొండలెక్కుతుంటే ఆ చక్రాల చప్పుడులోనే మా పల్లవి పుట్టిందని రాయగలిగితే మీ పాఠకులకు ముచ్చటగా ఉండేది. తెల్లవారుజామున లేచి బయల్దేరిన మేమందరం సొరంగాల మధ్య హాయిగా నిద్రపోయామన్నదే వాస్తవం.

మా పద్ధతి చాలా సాదాది. ఉదయం కాఫీ అయ్యాక స్వరకర్త హార్మోనియం ముందు కూర్చొని 'తనన తానన' అంటూ ఒక బాణీ పాడతాడు. దాన్ని ఫోనులో రికార్డు చేసుకొని ఎవరికి వారు చెట్ల కిందకో వరండాలోకో వెళ్ళి రాసుకుంటారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరి ముందూ పాడి చూస్తాము. పొగమంచుకు తబలా మూత బిగువు సడలి శ్రుతి దిగిపోతూ ఉంటే, మా తబలా మిత్రుడు సుత్తి చేతబట్టుకొని దాన్ని సరిచేసుకుంటూ, విసుక్కుంటూ, మధ్యమధ్య మా మాటల్లో కలుగజేసుకుంటూ ఉండేవాడు. ఈ యాత్రలో అసలైన గురువు ఆయనే అయినాడు.

ఆ అమ్మాయికి మేమిచ్చిన బాణీ మిశ్రగతిలోనిది, అంటే మూడు, నాలుగు మాత్రలుగా 'తకిట తకధిమి' అని నడిచేది. గురజాడ ముత్యాల సరాలకు నడకనిచ్చినది ఈ గతే. మన జానపదుల నోళ్ళలో అంతకు ముందు నుంచీ ఉన్నదే. పనికోసం దూరదేశం వెళ్ళిపోయిన తండ్రి కోసం ఎదురుచూసే కూతురి పాట రాస్తానన్నది ఆమె. వలసలు తెలియని ఇల్లు లేని ప్రాంతం నుంచి వచ్చిన పిల్ల కనుక ఆ వస్తువును ఆమెకు ఎవరూ చెప్పనక్కర లేదు. పల్లవి మొదటి పంక్తి ఇలా రాసుకొచ్చింది:

వాకిట నేను వేచిన రేయి

లెక్క వేసి చూడండి. హ్రస్వానికి ఒకటి, దీర్ఘానికి రెండు చొప్పున ఈ పంక్తికి సరిగ్గా పద్నాలుగు మాత్రలు. బాణీ అడిగినవీ పద్నాలుగే. భాషలో తప్పు లేదు, భావం హాయిగా ఉన్నది, కొలత చెడలేదు. అయినా పాడబోతే పాట కాలు మడతపడుతున్నది. 'లెక్క సరిపోయింది కదా మాస్టారూ, మరెందుకు కుంటుతోంది?' అని ఆమె అడిగింది. నేను జవాబు చెప్పబోయేలోపే మా తబలా మిత్రుడు, 'అమ్మా, నా దెబ్బ నీ 'ట' మీద పడుతోంది' అన్నాడు. అని, తొడ మీద దరువు వేస్తూ ఆమె పంక్తిని ఆ దరువుకు ముక్కలు చేసి పలికాడు: వాకి, టనేను, వేచి, నరేయి. అందరం నవ్వాము, ఆమె అందరికంటే ఎక్కువ నవ్వింది. ఆమె పదాలు నాలుగు, మూడు, నాలుగు, మూడుగా నడుస్తుంటే బాణీ మూడు, నాలుగు, మూడు, నాలుగుగా నడుస్తున్నది. మొత్తం ఒకటే అయినా విరుపు వేరు.

ఇక్కడ నేను చేసిన పని ఏమీ లేదని చెప్పడం నాకు ముఖ్యం. సరిచేసిన పంక్తి నా నోటి చివరిదాకా వచ్చింది. మా స్వరకర్త మోకాలితో నా మోకాలిని తట్టి ఆపాడు. ఆమె తానే తొడ మీద దరువు వేసుకుంటూ కాసేపు వరండాలో అటూ ఇటూ తిరిగి, మాటలను అటుదిటు మార్చుకొని తిరిగి వచ్చింది:

నేను వాకిట రేయి వేచిన
జాడ తెలియదు నీకు నాయన

మొదటి పంక్తిలో ఒక్క మాట కొత్తది లేదు, ఉన్న నాలుగు మాటలే తమ చోట్లు మార్చుకున్నాయి. రెండో పంక్తి అప్పటికప్పుడు పుట్టింది. విరుపు తెలిసిన తరువాత చెవి ఊరుకోదు, తర్వాతి పంక్తిని తానే వెతుక్కుంటుంది. ఏ ఛందోగ్రంథంలోనూ ఇది దొరకదని నేను అనను. ఛందస్సు చదివిన ప్రతివారికీ గణవిభజన, అంటే పంక్తిని గుంపులుగా విడదీయడం, తెలుసు. అయితే పుస్తకంలో చదివిన గణం కంటికి తెలుస్తుంది. అదే గణాన్ని పక్కన దరువు వేసే మనిషి తగిలించినప్పుడు అది ఒంటికి తెలుస్తుంది. పాట రాయడానికి కావలసినది రెండోది.

చరణంలో ఇంకో చిక్కు వచ్చింది. మా బాణీలో మూడో పంక్తి చివర తారస్థాయి షడ్జం (పై 'స') మీద చాలాసేపు నిలవాలి. అక్కడ ఆమె 'తిరిగి రావేమి' అని రాసింది. చదువుకోవడానికి ఆ ప్రశ్న ఎంతో ఆర్ద్రంగా ఉన్నది. మా గాయని పాడేసరికి రెండు ఇబ్బందులు బయటపడ్డాయి. మొదటిది, అంత ఎత్తున ఇకారం పట్టుకొని నిలవాలంటే నోరు మూసుకొనిపోయి గొంతు నొక్కుకుంటుంది. రెండోది మరీ విచిత్రమైనది. ఆ 'మి'ని సాగదీస్తే వినేవారికి 'మీ' అని వినిపించి, తండ్రిని ఉన్నట్టుండి 'మీరు' అని గౌరవంగా పిలుస్తున్నట్టు అవుతున్నది. 'తిరిగి రావా' అని మార్చుకున్న తరువాత గాయని నోరు తెరుచుకున్నది, స్వరం నిలిచింది, ప్రశ్న కూడా మిగిలింది. మాటలన్నీ అచ్చులతో ముగిసే భాష మనదని గొప్పగా చెప్పుకుంటాము గాని, ఏ అచ్చు ఏ స్వరం మీద విప్పారుతుందో, ఏది ముడుచుకుంటుందో పాడేవారి పక్కన కూర్చున్నవారికే తెలుస్తుంది. ఈ సంగతిని నేను కూడా గాయకుల దగ్గరే నేర్చుకున్నాను. ఏ కవీ నాకు చెప్పలేదు.

మాటే ప్రతిసారీ బాణీకి లొంగాలని కూడా నేను అనడం లేదు. రెండో చరణం ఎత్తుగడలో ఆమె ఒక మాటను వదులుకోనని పట్టుబట్టినప్పుడు మా స్వరకర్త కాసేపు గింజుకొని, చివరికి ఎడుపును, అంటే తాళంలో పాట ఎత్తుకొనే చోటును, అరమాత్ర వెనక్కి జరిపి ఆమె మాటకు చోటిచ్చాడు. పేరున్న రచయిత అడిగితే ఏ స్వరకర్త అయినా చేసే పనే ఇది. కొత్తవారికి ఆ మర్యాద దక్కదు, ఎందుకంటే వారు బాణీని ఫోనులో అందుకుంటారు, సాహిత్యాన్ని ఫోనులోనే పంపుతారు, స్వరకర్తను ఎదురుగా చూడనే చూడరు. ఎదురుగా లేని మనిషితో బేరమాడడం సాధ్యం కాదు. నేటి పాటల్లో మాటలు బాణీ కింద నలిగిపోతున్నాయని వాపోయే విమర్శకులు కొత్తవారి పదసంపదను కొలవడానికి ముందు ఈ సంగతి ఆలోచించాలి.

మేము పెద్దవారం నేర్చుకోవలసినది కూడా ఉన్నది. ఒకరోజు సాయంత్రం ఆమె ఒక పంక్తి దగ్గర ఆగిపోతే, ఆగలేక నేనే ఒక పంక్తి చెప్పాను. నా ఉద్దేశంలో మంచి పంక్తే. ఆమె రాసుకొని, పాడుకొని చూసి, మెల్లిగా, 'బాగుంది మాస్టారూ, కానీ ఇది మీ పాటలా ఉంది' అన్నది. దాన్ని కొట్టివేసి, మరునాడు ఉదయం తన పంక్తి తాను తెచ్చుకున్నది. అది నాదానికంటే కాస్త మొరటుగా ఉన్నదని ఇప్పటికీ అంటాను. ఆ పాటలో ఉండవలసినది మాత్రం అదే. చిన్నవారికి నేర్పే పెద్దలలో చాలామందికి, ముఖ్యంగా చేయి తిరిగినవారికి, చేతిలో కలం ఆగదు. దిద్దిన పాట బాగుపడుతుంది, రాసిన పిల్ల మాత్రం ఉన్నచోటే ఉండిపోతుంది.

సమష్టిగా కూర్చొని నేర్చుకోవడం మనకు కొత్త సంగతి కూడా కాదు. పాట రాయడానికే ఒక లక్షణ గ్రంథం కూర్చుకున్న జాతి మనది. తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) సంస్కృతంలో రచించిన సంకీర్తన లక్షణం మనకు దక్కలేదు గాని, మనవడు చిన తిరుమలాచార్యులు దానిని తెలుగు పద్యాలలోకి తెచ్చిన గ్రంథం దక్కింది. తాత, కొడుకు, మనవడు ముగ్గురూ పాటలు కట్టిన ఇల్లు అది. ఒకరు పాడుతుండగా ఒకరు వింటూ నేర్చుకున్న ఇల్లు. ఇంత దూరం పోనక్కర లేదనుకుంటే ఆకాశవాణిని చూడండి. 1948లో విజయవాడ కేంద్రం మొదలైన తరువాత అక్కడ లలిత సంగీతం వెలిగిన రోజుల్లో రాసేవారు, స్వరపరిచేవారు, పాడేవారు ఒకే కప్పు కింద పనిచేశారు. బాలాంత్రపు రజనీకాంతరావు వంటివారైతే రచన, స్వరం రెండూ తామే చేయగలిగినవారు. తెలంగాణలో ఈ బడి సాయుధ పోరాట దళాలలోనూ, గొంగడి వేసుకొని ఊరూరా తిరిగిన కళాబృందాలలోనూ నడిచింది. ఆ పోరాట కాలపు ప్రజాకవి సుద్దాల హనుమంతు ఇంట్లో పాట వింటూ పెరిగిన ఆయన కుమారుడు అశోక్ తేజ తరువాతి కాలంలో జాతీయ పురస్కారం అందుకున్నారు. వీరెవరూ గదిలో ఒంటరిగా కూర్చొని నిఘంటువు తిరగేస్తూ పాట నేర్చుకున్నవారు కారు.

ఇప్పుడు పేరు సంగతికి వస్తాను. నా ఉత్తరానికి అసలు కారణం ఇదే.

సినిమా, ప్రైవేటు ఆల్బముల రంగంలో 'వెర్షన్' అనే మాట వినని కొత్త రచయిత ఉండడు. ఒకే బాణీని పలువురికి పంపి, ఎవరికి వారు ఒక వెర్షన్ రాసి ఇమ్మంటారు. నచ్చినది ఉంచుకుంటారు. నచ్చని వాటికి డబ్బు సంగతి అటుంచి, అందినదన్న కబురు కూడా రాదు. కొన్నిసార్లు నచ్చని వెర్షన్‌లోని ఒక మంచి మాట, ఒక పల్లవి ఎత్తుగడ, నచ్చిన వెర్షన్‌లోకి వచ్చి కూర్చుంటుంది. ఇక పేరున్నవారి దగ్గర సహాయకులుగా చేరినవారి కథ వేరు. అక్కడ నిజంగా నేర్చుకున్నవారు, గురువు చేయి పట్టుకొని పైకి వచ్చినవారు ఉన్నారు. వారందరినీ ఒకే గాటన కట్టడం అన్యాయం. అయినా చరణాలకు చరణాలు రాసి, ఏళ్ళు గడిచినా ఒక్క పాట కింద పేరు చూసుకోనివారు నాకు స్వయంగా తెలుసు. 'నేర్చుకుంటున్నావు కదా, పేరెందుకు?' అన్నది వారికి దొరికే జవాబు. నేర్పడానికీ పేరు తీసేయడానికీ ఏమిటి సంబంధమో నాకు ఎన్నడూ బోధపడలేదు.

తాళ్ళపాక వారి ఉదాహరణే మళ్ళీ చూడండి. ముగ్గురూ తమ పాటలను వేంకటేశ్వరుని ముద్రతోనే, అంటే సంతకంలా ఆ దేవుని పేరుతోనే, ముగించారు. ముద్రను బట్టి చూస్తే ఏది ఎవరి పాటో పోల్చుకోవడం కష్టం. అయినా ఆ పాటలను రాగిరేకుల మీద చెక్కించినప్పుడు తండ్రివి తండ్రి పేరిట, కొడుకువి కొడుకు పేరిట విడిగా చెక్కించారు. ఇంటిపేరు ఒకటే, దైవం ఒకడే, మొక్కు ఒకటే అయినా రచన ఎవరిదో కలిపివేయలేదు. అయిదు వందల ఏళ్ళ కిందట రాగి మీద సుత్తితో కొట్టి చేయగలిగిన ఆ పనిని, ఒక్క వరస టైపు చేస్తే సరిపోయే ఈ కాలంలో మనం చేయలేకపోవడం ఏమిటి?

చట్టం కూడా రచయిత పక్షానే ఉన్నది. 1977లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తరువాత, నిర్మాత డబ్బిచ్చి రాయించుకున్న పాట మీద మొదటి హక్కు నిర్మాతదేనన్న స్థితి చాలాకాలం సాగింది. 2012లో కాపీరైటు చట్టాన్ని సవరించాక ఆ స్థితి మారింది. సినిమా హాలులో సినిమాతో పాటు వినిపించడం మినహా పాటను మరెక్కడ ఎలా వాడుకున్నా, రాయల్టీలో హక్కుదారుతో సమానమైన వాటా రచయితకూ స్వరకర్తకూ రావాలి. ఆ వాటాను రచయిత తన వారసులకో కాపీరైటు సంఘానికో తప్ప ఎవరికీ రాసివ్వడానికి, వద్దని వదులుకోవడానికి వీలు లేదు. 1957 నాటి ఆ చట్టంలోని 57వ సెక్షన్ ప్రకారం, హక్కులన్నీ అమ్ముకున్న తరువాత కూడా ఈ రచన నాదని చెప్పుకొనే హక్కు రచయితకు మిగిలే ఉంటుంది. ఇంత ఉన్నా, రాసింది తానేనని చూపించే కాగితం ముక్క చేతిలో లేని ఇరవై రెండేళ్ళ పిల్లవాడికి ఈ సెక్షన్లన్నీ అలంకారాలే.

పేరు పలకడం కూడా ఒకప్పుడు మనకు అలవాటే. సినిమా హాళ్ళ దగ్గర అమ్మిన పాటల పుస్తకాలలో రచయిత పేరు ఉండేది. రేడియోలో పాటకు ముందు 'రచన' అంటూ ఆ పేరు చదివేవారు. మా తరం ఏ కవి ఏ పాట రాశాడో నేర్చుకున్నది అలాగే. ఇప్పుడు ఫోనులో పాట వేస్తే గాయకుల పేర్లు, స్వరకర్త పేరు ముందు కనిపిస్తాయి. రచయిత కోసం రెండు మూడుచోట్ల నొక్కి వెతకాలి, వెతికినా కొన్నిసార్లు ఉండదు. 2023 మార్చిలో ఆస్కార్ వేదిక మీద కీరవాణి పక్కన చంద్రబోస్ కూడా నిలబడగలిగారంటే, ఆ పురస్కారాన్ని స్వరకర్తకూ గీత రచయితకూ ఉమ్మడిగా ఇవ్వడం అక్కడి నియమం కావడం వల్లనే. ఆ రాత్రి మనమందరం గర్వపడ్డాము. మన దగ్గర అదే నియమం పాటించడానికి ఏ అకాడమీ అనుమతీ అక్కర లేదు.

మేము అరకులో చేసిన ఏర్పాటు చాలా చిన్నది. పని మొదలుపెట్టే ముందే ఒక తెల్లకాగితం మీద, ఏ పాటకు ఎవరు మాటలు రాస్తే పేరు వారిదేనని, సూచనలు ఇచ్చినంత మాత్రాన ఎవరూ సహరచయితలు కారని, ఒక పూర్తి పంక్తి మరొకరిది నిలిచిపోతే ఇద్దరి పేర్లూ వేయాలని, ఆ పాట మీద ఏదైనా రాబడి వస్తే రచయితకూ స్వరకర్తకూ సరిసమానమని రాసుకొని అందరం సంతకాలు చేశాము. స్నేహితుల మధ్య కాగితాలేమిటని మా గాయని మొదట నొచ్చుకున్నారు. స్నేహితుల మధ్యే ఇది సులువుగా కుదురుతుంది, తగవు వచ్చాక కుదరదు అన్నది నా వాదన. ఆ అమ్మాయి ఆ కాగితాన్ని మూడుసార్లు చదువుకొని ఫోటో తీసుకున్నది. నా పంక్తిని ధైర్యంగా కొట్టివేయడానికి ఆ కాగితం కూడా కొంత కారణమని నాకు అనుమానం. పాట తనదని తెలిసినప్పుడే ఎవరైనా దాని కోసం పోట్లాడగలరు.

ఇక్కడ ఒక మాట పక్కకు చెప్పాలి. తెలుగు సినిమా పాటల చరిత్రలో మహిళా రచయితలను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. దంపుళ్ళ పాటలు, ఊయల పాటలు, బతుకమ్మ పాటలు తరతరాలుగా కట్టిన ఆడవారి నోళ్ళకు పాట రాయడం రాదని ఎవరూ అనలేరు. రాత్రిపూట స్టూడియోలలో, హోటలు గదులలో నడిచే మ్యూజిక్ సిట్టింగులకు వారు వెళ్ళగలిగిన పరిస్థితి ఉండకపోవడం ఒక ముఖ్య కారణం. మా యాత్రకు ఆ అమ్మాయిని ఇంట్లోవారు పంపినది మా గాయనిని చూసి, ఆవిడ స్వయంగా వారి ఇంటికి వెళ్ళి మాట్లాడి వచ్చిన తరువాతనే. పెద్దవారు బాధ్యత తీసుకున్న శిబిరాలైతే ఇలాంటివారు మరెందరో బయటికి వస్తారు.

అందుచేత మీ పత్రిక ద్వారా నేను చేసే విన్నపం ఇది. మన ప్రభుత్వ సంగీత కళాశాలల్లో గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం నేర్పుతారు. నేను చూసినంతలో పాట రాయడం మాత్రం ఎక్కడా పాఠ్యాంశంగా లేదు. విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో ఛందస్సు చెబుతారు, ఆ తరగతి గదిలో ఒక తాళం వినిపించదు. 1919లో మొదలై, ఆదిభట్ల నారాయణదాసు తొలి అధ్యక్షులుగా నడిచి, ఘంటసాల చదువుకున్న కళాశాల విజయనగరంలో ఉన్నది. ఆంధ్ర విశ్వవిద్యాలయం తెలుగు శాఖ అక్కడికి గంటన్నర ప్రయాణ దూరంలో విశాఖలో ఉన్నది. ఈ రెండుచోట్ల విద్యార్థులను ఏటా కొద్దిరోజుల పాటు ఒకేచోట కూర్చోబెట్టి, ఒకరు బాణీ కడుతుంటే ఒకరు మాటలు రాసేలా చేయడానికి పెద్ద నిధులు అవసరం లేదు, పెద్ద ఉపన్యాసాలు అసలే అవసరం లేదు. ముఖ్య అతిథులను పిలవకపోతే సగం ఖర్చు అక్కడే మిగులుతుంది. తెలంగాణలో సంగీత నాటక అకాడమీ, తెలుగు విశ్వవిద్యాలయం కలిస్తే హైదరాబాదులోనూ ఇదే చేయవచ్చు. అక్కడైతే పల్లె పాటల బృందాలలో పండినవారిని నేర్పేవారిగా పిలుచుకొనే వీలు కూడా ఉన్నది. శిబిరంలో పుట్టిన ప్రతి పాటకూ రచయిత పేరు, తేదీ నమోదు చేసి, ఆ పత్రాన్ని పిల్లల చేతికే ఇచ్చి పంపాలన్నది మాత్రం మొదటి షరతు కావాలి.

కవి సమ్మేళనాలకు నేను వ్యతిరేకిని కాను. పది మంది తమ కవితలు చదివి, శాలువాలు కప్పుకొని ఇళ్ళకు పోయే సభల్లో పాట నేర్చుకోవడం కుదరదని మాత్రమే నా మనవి. పాట శిబిరంలో పాల్గొనేవారు తక్కువమంది ఉండాలి, వారితో తప్పనిసరిగా ఒక వాద్యకారుడు ఉండాలి, రాసినది ఆ రోజే పాడి వినిపించాలి. తబలా, డోలక్, డప్పు వాయించేవారిని కూలికి వచ్చిన పక్కవాద్యగాళ్ళలా మూలన కూర్చోబెట్టకుండా వారికి నేర్పే స్థానమే ఇవ్వాలి. మా మిత్రుడు అరక్షణంలో పట్టుకున్న తప్పును నేను వివరించి చెప్పాలంటే అరగంట పట్టేది.

పైన చెప్పిన సంస్థలలో ఏది ముందుకు వచ్చినా, వచ్చే వేసవి సెలవుల్లో మా నలుగురం సొంత ఖర్చుతో, మా హార్మోనియం, తబలా మేమే తెచ్చుకొని వచ్చి పనిచేయడానికి సిద్ధంగా ఉన్నాము. అరకులో ఆ పాట రాసిన అమ్మాయి కూడా ఈసారి నేర్పేవారి వరుసలో కూర్చుంటానని ఒప్పుకున్నది. మేము సంతకాలు చేసుకున్న కాగితం నమూనా కావలసినవారికి మీ కార్యాలయం ద్వారా పంపగలను.

భవదీయుడు,
ఒక గీత రచయిత,
విశాఖపట్నం.